స్నోడ్రాప్స్: ఆకులే తప్ప పూలు రాకపోతే

ఇంగ్లండ్ పెరట్లో స్నోడ్రాప్ (చలికాలం చివర తెల్లటి పూలు పూసే చిన్న గడ్డ మొక్క) గుత్తి ఒత్తుగా ఆకులేసి పూలు తగ్గాయంటే, గడ్డలు ఇరుక్కుపోయాయన్నమాట. మార్చిలో పూలు వాడగానే, ఆకు పచ్చగా ఉండగానే, వేళ్లు తెగకుండా తవ్వి మూడేసి గడ్డలుగా విడదీశాను. 10 సెం.మీ. లోతు, ఎడమూ అంతే. మట్టిలో మూడో వంతు మాగిన ఆకుల ఎరువు. ఆకు మొదట్లో తెల్లగా ఉన్నంత మేర మట్టిలోకి పోవాలి. వెంటనే నీళ్లు.

సెప్టెంబర్‌లో అమ్మే ఎండు గడ్డలు చవకే కానీ నమ్మలేం; పైపొర పల్చన కాబట్టి తేమ పోతే చాలావరకు మొలవవు.

ఆకులు వాటంతటవే పసుపెక్కేదాకా కోయకూడదు, ముడేయకూడదు. వచ్చే ఏటి పువ్వుకు తిండి వాటిదే. బూడిదరంగు బూజు పట్టిన గడ్డ చెత్తబుట్టలోకే, కంపోస్టులోకి కాదు. ఈ గడ్డలు చిన్న ఉల్లిపాయల్లా కనిపిస్తాయి, కానీ విషం, వంటింట్లో పెట్టొద్దు. హైదరాబాద్ కుండీల్లో ప్రయత్నం దండగ, అంత చలి అక్కడ దొరకదు.