హోయాన్ వెళ్తే పడవెక్కి కుమ్మరిపల్లెకు వెళ్లండి

మా ఎంవీపీ కాలనీలో ఎవరైనా వియత్నాం టికెట్లు తీశామంటే నేను అడిగేది ఒకటే: పల్లెలు చూస్తారా, పల్లెల పేరుతో షాపులు చూస్తారా? హోచిమిన్ సిటీ నుంచి ఒక్కరోజు మెకాంగ్ నది ప్యాకేజీ తీసుకుంటే ఎక్కువగా రెండోదే. పొద్దున్నే బస్సు, కొబ్బరి మిఠాయి చేసేచోట కాసేపు, తేనె టీ, నాలుగు పాటలు, మళ్లీ బస్సు. మెకాంగే చూడాలనుకుంటే ఆ నది ఒడ్డునున్న కాంథో నగరంలో రాత్రి ఉండి, తెల్లారకముందే కాయ్‌రాంగ్ పడవల సంతకు వెళ్లండి. అమ్మే సరుకును గెడకు కట్టి పైకెత్తుతారు. అనాసపండు వేలాడుతుంటే అది అనాసల పడవ.

నా ఓటు మాత్రం మధ్య వియత్నాంలో హోయాన్ పక్కన పారే థూబోన్ నదికే. సింగపూర్ మీదుగా దనాంగ్ చేరితే అక్కణ్ణుంచి హోయాన్ 30 కిలోమీటర్లు. సింగిల్ ఎంట్రీ ఈ-వీసా 25 డాలర్లు. ప్రభుత్వ సైట్లో మీరే అప్లై చేసుకోవచ్చు, ఏజెంటు అక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరు వద్దు. వరదొస్తే నది హోయాన్ వీధుల్లోకి వచ్చేస్తుంది. హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్లకు అక్టోబరు గురించి నేను చెప్పాలా!

హోయాన్ రేవులో పడవ మాట్లాడేటప్పుడు రానూపోనూ రేటుతో సరిపెట్టకండి, ఒడ్డున ఆగే టైమ్ కూడా కలిపి బేరమాడండి. లేకపోతే అరగంటకే పడవాయన పిలుస్తాడు. ఒప్పుకున్న అంకె ఫోన్‌లో కొట్టి చూపించండి. రూపాయికి సుమారు 300 వియత్నాం డాంగ్‌లు కాబట్టి లక్ష అనగానే టెన్షన్ పడకండి.

ఊరికి పడమరగా 3 కిలోమీటర్లు వెళ్తే థాన్‌హా, కుమ్మరిపల్లె. ఎక్కువసేపు ఇక్కడే ఉండండి. పాత పద్ధతిలో ఒక్క సారె మీద ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. ఒకామె నిలబడి కాలితో సారెను తిప్పుతూనే, చేత్తో మట్టి పిసికి అందిస్తుంది. కూర్చున్నామె కుండ లేపుతుంది. అందరూ కుండనే ఫోటో తీస్తారు. మీరు ఆ కాలును చూడండి, అసలు పనితనం అక్కడుంది. ఫోటోకి ముందు సైగ చేసి అడగడం మర్యాద. జంతువుల ఆకారంలో చేసిన చిన్న మట్టి ఈలలు కొనుక్కోండి, బట్టల మధ్య చుట్టేస్తే పగలవు. పెద్ద కుండల జోలికి పోవద్దు.

హోయాన్‌కు ఎదురుగా, నది అవతల కామ్‌కిమ్ లంకలో కిమ్‌బోంగ్ వడ్రంగులుంటారు. వీళ్ల పూర్వీకులు వియత్నాం పాత రాజధాని హుయేలో రాజకోట పనికి వెళ్లారు. ఏటికొప్పాకలో తిరిగినవాళ్లకు చెక్క పొట్టు కొత్త కాదు గానీ, ఈ ఉలి పని వేరు. అదే లంకలో తుంగ చాపలు నేసే ఇళ్లున్నాయి: ఒకరు పొడవాటి పుల్లతో తుంగను దూరుస్తారు, ఇంకొకరు అచ్చుతో బాదుతారు. సైకిల్ ఉంటే లంకంతా తిరగొచ్చు.

హోయాన్ దగ్గరే ఉన్న కామ్‌థాన్ ఊళ్లో గుండ్రటి పుట్టిలో ఎక్కించి తిప్పే షికారు, మైకు పాటల గోల నాకు నచ్చలేదు. వెదురు పుట్టికి పేడ, చెట్టు జిగురునూనె పూసి నీళ్లు కారకుండా చేస్తారు. పూసేవాళ్లు కనిపిస్తే అది చూడండి, చాలు.

శాకాహారులు పడవ ప్యాకేజీలో భోజనం కలపనివ్వకండి. కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పడుతుంది. హోయాన్‌లో బౌద్ధుల శాకాహార హోటళ్లున్నాయి, తిని బయల్దేరండి.