స్ప్రెడ్‌షీట్ పాఠాలు – 6: సార్ట్ చేశాక ఫార్ములా దారి తప్పకుండా

గత పాఠంలో వరుసలను సార్ట్ చేయడం నేర్చుకున్నాం. సార్ట్ అయ్యాక ఫార్ములాలు ఏ సెల్‌ను చూస్తాయన్నది ఈ పాఠంలో ఎక్సెల్‌లో పరిశీలిద్దాం. సెల్ పేర్లను, ఫంక్షన్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క ‘ఖాతా’ అనే షీటులో ఉందనుకుందాం. ఎ కాలమ్‌లో ఫ్లాట్ నంబరు, బిలో చదరపు అడుగులు, సిలో ఈ నెల మెయింటెనెన్స్, డిలో పాత బకాయి, ఇలో మొత్తం ఉన్నాయి. చదరపు అడుగుకు 3 రూపాయల రేటు హెచ్1లో ఉంది కనుక సి2లో =బి2*$హెచ్$1 అనీ, ఇ2లో =సి2+డి2 అనీ రాసి కిందికి లాగాం. ఈ రెండింటికీ సార్ట్ వల్ల ప్రమాదం లేదు: తన వరుసలోని సెల్‌ను చూసే ఫార్ములా ఎక్కడికి వెళ్తే అక్కడి వరుసకు సర్దుకుంటుంది, డాలర్ గుర్తులున్న రేటు కదలదు.

చిక్కు బయటినుంచి చూసే ఫార్ములాలతో వస్తుంది. 302 ఫ్లాటు వారి నోటీసు వేరే షీటులో ఉండి, అందులో మొత్తం కోసం =ఖాతా!ఇ5 అని రాశారనుకోండి. 1,200 అడుగులకు 3,600, పాత బకాయి 3,600, వెరసి 7,200 సరిగ్గానే వస్తుంది. తరువాత ఎవరో ఖాతాను బకాయిల వారీగా సార్ట్ చేయగా 5వ వరుసలోకి 104 ఫ్లాటు వచ్చిందంటే, 302 వారి నోటీసులో 104 వారి 17,400 కనిపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఎవరూ గమనించరు. జనరల్ బాడీ మీటింగులో సంజాయిషీ చెప్పుకోవలసింది కార్యదర్శే. $ఇ$5 అని రాసినా ఫలితం ఇంతే, ఎందుకంటే ఆ గుర్తులు చిరునామాను కట్టిపడేస్తాయి తప్ప అక్కడ ఉన్న ఫ్లాటును కాదు.

అందువల్ల వరుసను బట్టి కాక ఫ్లాట్ నంబరును బట్టి వెతికించాలి. నోటీసు షీటులో ఎ2లో 302 ఉంచి, మొత్తం రావలసిన చోట ఇలా రాయండి:

=ఇండెక్స్(ఖాతా!ఇ:ఇ, మ్యాచ్(ఎ2, ఖాతా!ఎ:ఎ, 0))

ఇందులో మ్యాచ్ ఆ నంబరు ఏ వరుసలో ఉందో వెతుకుతుంది, ఇండెక్స్ ఆ వరుసలోని మొత్తాన్ని తెస్తుంది. చివరి సున్నాను వదలకూడదు. అది లేకపోతే ఫ్లాట్ నంబర్లు ఆరోహణ క్రమంలో ఉన్నాయనుకుని మ్యాచ్ వెతుకుతుంది. మనం సార్ట్ చేసింది బకాయిల వారీగా కాబట్టి తప్పు వరుస దొరకవచ్చు. ఎక్సెల్ 2021 లేదా మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవారు ఈ రెండింటి పనినీ ఒక్కటే చేసే ఎక్స్‌లుకప్ ఫంక్షన్ వాడుకోవచ్చు. ఒక షీటులో 302 అంకెగా, మరొక దానిలో టెక్స్ట్‌గా ఉంటే మాత్రం ఏ పద్ధతిలోనూ దొరకదు.

ఖాతా షీటులోనే =ఖాతా!సి2+ఖాతా!డి2 అని ఉంటే సార్ట్ తరువాత అది పాత వరుసనే చూస్తుంది. ఫార్ములా రాస్తూ మధ్యలో వేరే షీటుకు వెళ్లి వస్తే ‘ఖాతా!’ అనే ఈ షీటు పేరు దానంతటదే చేరుతుంది, తొలగించండి.

బకాయిలను వరుసగా కూడుకుంటూ పోవడానికి ఎఫ్ కాలమ్ పెడితే, పై వరుస మీద ఆధారపడే కూడిక కూడా నిలవదు. ఎఫ్3లో =ఎఫ్2+డి3 అని రాసే పద్ధతికి బదులు ఎఫ్2లో =సమ్($డి$2:డి2) అని రాసి కిందికి లాగితే, ఏ క్రమంలో సార్ట్ చేసినా పైనుంచి ఆ వరుస దాకా ఉన్న బకాయిల మొత్తమే వస్తుంది.

అభ్యాసం: పది ఫ్లాట్లతో ఇలాంటి ఖాతా తయారుచేసి, ఒకే ఫ్లాటుకు ఒక నోటీసు =ఖాతా!ఇ5తోనూ మరొకటి ఇండెక్స్‌తోనూ రాయండి. బకాయిల వారీగా సార్ట్ చేసి రెండు నోటీసులనూ పక్కపక్కన పెట్టి చూడండి.