పీ53ను ఎండీఎం2 పట్టుకుందో లేదో తేల్చడం: కో-ఐపీ చేసే పద్ధతి

డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణ విభజనను నిలిపివేసే పీ53 ప్రొటీన్ అర్ధాయువు మామూలు కణంలో సుమారు 20 నిమిషాలే. ఎండీఎం2 అనే మరో ప్రొటీన్ దాన్ని పట్టుకుని, యుబిక్విటిన్ అనే గుర్తును తగిలించి, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌కు అప్పగిస్తూ ఉండటమే దీనికి కారణం. మానవ క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువే చెడిపోయి ఉంటుంది. కొన్ని లైపోసార్కోమాల్లో, కొన్ని ఎముక క్యాన్సర్లలో మాత్రం పీ53 నిక్షేపంగా ఉన్నా, ఎండీఎం2 జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిపోవడంతో అది పనిచేయలేకపోతుంది. అక్కడ జబ్బంతా ఆ పట్టులోనే ఉంది. ఒక ప్రొటీన్‌ను యాంటీబాడీతో పైకి లాగి, దాన్ని అంటుకుని ఇంకేం వచ్చిందో చూస్తూ ఆ పట్టును చూపగల కో-ఇమ్యునోప్రెసిపిటేషన్ పద్ధతిని, వాడుకలో కో-ఐపీని, వెస్టర్న్ బ్లాట్ చేయడం వచ్చిన విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ఎండీఎం2 ఎక్కువగా ఉండి, పీ53 చెడిపోని ఎస్‌జేఎస్‌ఏ-1 అనే ఎముక క్యాన్సర్ కణాలు ఇందుకు అనువైనవి. కణాలను సేకరించే ముందు 4 గంటల పాటు 10 మైక్రోమోలార్ ఎంజీ132 ఇస్తే ప్రోటియాసోమ్ ఆగి, చూడదగినంత పీ53 పోగవుతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది యాంటీబాడీ సంగతి. పీ53లోని 19వ ఫినైల్ అలనిన్, 23వ ట్రిప్టోఫాన్, 26వ ల్యూసిన్ ఎండీఎం2 మీదున్న గాడిలో దిగుతాయి. చాలా ల్యాబుల్లో ఫ్రిజ్ తెరవగానే చేతికందే డీఓ-1 యాంటీబాడీ సరిగ్గా 20 నుంచి 25 వరకు ఉన్న అమినో ఆమ్లాలనే గుర్తిస్తుంది. ఎండీఎం2 ఉన్నచోట డీఓ-1 కూర్చోలేదు కాబట్టి, అది పైకి లాగేది ఎండీఎం2 పట్టని పీ53నే. ఈ సంగతి తెలియక నేను మూడు వారాలు బఫర్లు మారుస్తూ గడిపాను. అందుకే కొనేముందు ఎపిటోప్, అంటే యాంటీబాడీ గుర్తించే భాగం, ఎక్కడుందో డేటాషీట్‌లో చదవండి. ఐపీకి, అంటే ప్రొటీన్‌ను లాగే దశకు, పీ53 తోక వైపు, 371 నుంచి 380 వరకు గుర్తించే పీఏబీ421 లాంటిది వాడాలి. బ్లాట్‌లో ప్రొటీన్లు అప్పటికే విడిపోయి ఉంటాయి కాబట్టి అక్కడ డీఓ-1 నిరభ్యంతరంగా పనికొస్తుంది.

కణాలను 50 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.4), 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.5 శాతం ఎన్‌పీ-40, ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు ఉన్న బఫర్‌లో, ఐస్ మీద 30 నిమిషాలు ఉంచాలి. ఎస్‌డీఎస్ అనే ఘాటైన డిటర్జెంట్ ఉన్న రిపా బఫర్ వాడితే పట్టు వదిలిపోవచ్చు. వోర్టెక్స్ చేయకుండా మధ్యమధ్య ట్యూబును మెల్లగా తిప్పితే చాలు. తరువాత 4 డిగ్రీల వద్ద 14,000 జీ వేగంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని తీసుకోవాలి. పీ53 డీఎన్‌ఏను అంటిపెట్టుకునే ప్రొటీన్ కాబట్టి, డీఎన్‌ఏ మధ్యవర్తిగా వచ్చే బంధాలను తొలగించడానికి ఒక ట్యూబులో డీఎన్‌ఏను కోసే బెంజోనేజ్ ఎంజైము కూడా వేసి చూడాలి. అది మెగ్నీషియం లేనిదే పనిచేయదు కనుక ఆ ట్యూబు బఫర్‌లో ఈడీటీఏ మానేసి, 2 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలపాలి.

ఆ ద్రవంలో 5 శాతాన్ని పోలిక కోసం ఇన్‌పుట్‌గా పక్కన పెట్టి, ఒక్కో ట్యూబుకు 1 మిల్లీగ్రాము ప్రొటీన్, 2 మైక్రోగ్రాముల యాంటీబాడీ చొప్పున కలిపి, 4 డిగ్రీల వద్ద రాత్రంతా రొటేటర్ మీద ఉంచాలి. మరో ట్యూబులో అదే జాతి జంతువు నుంచి వచ్చిన సాధారణ ఐజీజీని అంతే మోతాదులో వేయాలి. ఈ కంట్రోల్ లేని కో-ఐపీని నేను నమ్మను. మర్నాడు ప్రొటీన్ ఏ/జీ బీడ్స్‌తో గంటసేపు తిప్పి, చల్లటి బఫర్‌తో నాలుగుసార్లు కడిగి, లామ్లీ బఫర్‌లో 95 డిగ్రీల వద్ద 5 నిమిషాలు మరిగించాలి.

బ్లాట్ మీద ఎండీఎం2 దాదాపు 90 కిలోడాల్టన్ల దగ్గర స్పష్టంగా వస్తుంది. చిక్కంతా తిరగేసి చేసినప్పుడు, అంటే ఎండీఎం2ను లాగి పీ53 కోసం వెతికినప్పుడు వస్తుంది. పీ53 కనిపించేది 53 దగ్గర, ఐపీకి వాడిన యాంటీబాడీ భారీ గొలుసు కనిపించేది 50 దగ్గర. ఆ లావుపాటి నల్లటి పట్టీ చాటున అసలు బ్యాండు మరుగున పడిపోతుంది, లేదా ఆ పట్టీనే పీ53 అని పొరబడతాం. ఐపీ ఎలుక యాంటీబాడీతో చేస్తే బ్లాట్ కుందేలు యాంటీబాడీతో చేయాలి, లేదా హెచ్‌ఆర్‌పీ ఎంజైము నేరుగా జతచేసిన డీఓ-1 వాడి సెకండరీ యాంటీబాడీని పూర్తిగా మానుకోవాలి.

బ్యాండు రాగానే పని పూర్తి కాదు. ఎండీఎం2 గాడిలో పీ53కు బదులుగా కూర్చునే నట్లిన్-3ను 10 మైక్రోమోలార్ మోతాదులో ఇంకో ట్యూబులో కలిపితే ఆ బ్యాండు బాగా తగ్గాలి. దీన్ని కణాలకు కాకుండా లైసేట్‌కే, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవానికే, కలపడం మేలు. ఎండీఎం2 జన్యువును నడిపేది కూడా పీ53యే కాబట్టి, కణాలకు ఇస్తే రెండు ప్రొటీన్లూ పెరిగి ఇన్‌పుట్‌లు మారిపోతాయి, ఇక దేన్ని దేనితో పోల్చాలో తెలియదు. ఇంత చేసినా కో-ఐపీ చెప్పేది ఆ రెండూ ఒకే గుంపులో ఉన్నాయని మాత్రమే. మధ్యలో మూడో ప్రొటీన్ లేదని తేల్చాలంటే, బ్యాక్టీరియాలో తయారుచేసి శుద్ధి చేసిన రెండింటినే కలిపి పుల్-డౌన్ చేయాలి.