ఆన్‌లైన్ గేమ్‌లో గెలిచిన పైసలు ఆపేశారా? ఫిర్యాదు ఎలా రాయాలి?

నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో మాది చిన్న జిరాక్స్, టైపింగ్ దుకాణం. ఆదాయ సర్టిఫికెట్లు, భూభారతి దరఖాస్తుల మధ్య ఇప్పుడు ఇంకో రకం గిరాకీ వస్తోంది. "అన్నా, గేమ్‌ల లక్షన్నర గెలిచిన. విత్‌డ్రా కొట్టి పది రోజులైంది, ఇంకా పెండింగే చూపిస్తుంది. ఒక కంప్లైంట్ టైప్ చేసియ్యవా" అంటారు. చేతిలో అప్పటికే ఎవరో రాసిచ్చిన కాగితం ఉంటుంది. అందులో ఎప్పుడూ ఒకటే తప్పు: "నేను గెలిచిన రూ. 1,50,000 ఇప్పించగలరు."

అట్లా రాస్తే పని కాదు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్‌లోనే ఉంది. పందెంలో గెలిచిన డబ్బు కోసం దావా వేయలేరు. పైగా తెలంగాణలో 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వినియోగదారుల ఫోరానికి పోదామని ఎవరైనా సలహా ఇస్తే, ఆయనకు ఒక చాయ్ తాగించి పంపండి.

అయితే మీ ఖాతాలోంచి పోయిన డబ్బు సంగతి వేరు. విత్‌డ్రా అవుతుందని నమ్మించి మీ దగ్గర గుంజడం మోసం. ఫిర్యాదు దాని మీదే పెట్టాలి. తెరమీద కనిపించే బ్యాలెన్స్ వాళ్లు కొట్టిన అంకె. మీ డబ్బు అంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డెబిట్ అయినదే.

(2025 ఆగస్టులో ఆ కేంద్ర చట్టం వచ్చాక క్యాష్ గేమ్స్ ఆపేసిన పెద్ద కంపెనీల యాప్‌లో మీ డబ్బు ఉంటే ఇదంతా అక్కర్లేదు. యాప్‌లో కేవైసీ పూర్తిచేసి విత్‌డ్రా పెట్టండి, రాకపోతే వాళ్ల గ్రీవెన్స్ ఈమెయిల్‌కు రాయండి. నేను చెప్పేది టెలిగ్రామ్ లింకుతోనో, ఏపీకే ఫైలుతోనో (ప్లేస్టోర్‌లో కాకుండా నేరుగా దించుకునే యాప్ ఫైలు) ఫోన్‌లోకి వచ్చిన క్యాసినోల గురించి.)

కావలసినవి: ఫోన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు, ఒక రూళ్ల నోట్‌బుక్, నీలం పెన్ను. నల్ల పెన్ను వద్దు. జిరాక్స్ తీశాక అసలేదో నకలేదో తెలియదు.

మొదటి పని: ఇంకో రూపాయి కూడా పంపొద్దు. "30 శాతం టాక్స్ కడితే మొత్తం రిలీజ్ చేస్తాం" అనే మెసేజ్ తప్పకుండా వస్తుంది. ఆన్‌లైన్ గేమ్ గెలుపు మీద 30 శాతం పన్ను నిజంగానే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని టీడీఎస్‌గా కోస్తున్నారు. కానీ అది ఇచ్చే డబ్బులోంచి కోసుకునేది. ఆటగాడు ముందుగా ఎవరి యూపీఐకో పంపేది కాదు.

రెండోది: యాప్ తీసేయకండి, గొడవ పెట్టుకోకండి. తిట్టిన గంటలో ఐడీ బ్లాక్ చేస్తారు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి: మీ ఐడీ, డిపాజిట్ హిస్టరీ, పెండింగ్ విత్‌డ్రా, వాళ్లతో చేసిన చాట్ అంతా. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన బొమ్మలు నేను తీసుకోను, అక్షరాలు అలుక్కుపోతాయి. ఈమెయిల్ చేయండి.

మూడోది: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపగలుగుతారు. మీకో అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది. అదే రోజు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. రేపు అనుకున్నవాళ్లెవరూ రేపు నింపలేదు.

ఇప్పుడు అసలు పని, అందరూ చెడగొట్టేది: లావాదేవీల పట్టిక.

మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే ఒక పిల్లగాడు వచ్చాడు. యాప్‌లో రూ. 1,86,400 చూపిస్తోంది. ఎంత పెట్టినవురా అంటే "ఓ ఇరవై వేలుంటయేమో అన్నా" అన్నాడు. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. పద్నాలుగు సార్లు పంపాడు, మొత్తం రూ. 23,500. అది కాక టాక్స్ పేరుతో రూ. 18,000, రెండు ముక్కలుగా. మొత్తం పదహారు వరుసలు. డబ్బు చేరిన పేర్లు చూస్తే ఒకటి కిరాణా దుకాణం, ఒకటి మొబైల్ షాపు, మిగతావి ఎవరెవరివో. డిపాజిట్ చేసిన ప్రతిసారీ యాప్ కొత్త క్యూఆర్ కోడ్ ఇచ్చింది. అవన్నీ అద్దెకు తెచ్చుకున్న ఖాతాలు. అందుకే "ఫలానా యాప్ నన్ను మోసం చేసింది" అని ఒక్క ముక్కలో రాస్తే పోలీసులకు పట్టుకోవడానికి కొస దొరకదు. డబ్బు చేరింది యాప్ ఖాతాకు కాదు, ఆ క్యూఆర్‌ల వెనక ఉన్న ఖాతాలకు.

కాబట్టి ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస. తేదీ, సమయం, మొత్తం, ఎవరి పేరు, వాళ్ల యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపును గుర్తుపట్టే బ్యాంకు నంబరు). యూటీఆర్ దగ్గర జాగ్రత్త. యూపీఐ చెల్లింపుకు అది పన్నెండు అంకెలది. ఫోన్‌పేలో పైన టీ అక్షరంతో మొదలయ్యే పొడుగు నంబరు వాళ్ల సొంతది, యూటీఆర్ వేరుగా రాసి ఉంటుంది. గూగుల్ పేలో అక్షరాలు కలిసిన నంబరు కాదు, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ కావాలి. తప్పు నంబరు ఎక్కిస్తే ఆ వరుస ఉన్నా లేనట్టే. నేను ఒకరితో చదివించి, ఇంకొకరితో టిక్కు పెట్టిస్తాను. ఒక్కరే చూసుకుంటే ఆరు తొమ్మిదవుతుంది. అర్ధరాత్రి దాటాక పంపినవి మర్నాటి తేదీ కింద వెతకండి. ఈ ఆటలన్నీ ఆ టైమ్‌లోనే కదా ఆడేది.

ఎక్సెల్‌లో వద్దు, ముందు నోట్‌బుక్‌లో చేత్తో రాయండి. ఎక్సెల్ గీతలు కొట్టి కూడుతుంది కానీ, చేత్తో రాస్తేనే ఎంత పోయిందో మనిషికి తెలుస్తుంది. ఆ పిల్లగాడు పదకొండో వరుస దగ్గర పెన్ను కింద పెట్టి బయటికి పోయి నిలబడ్డాడు. ఐదు నిమిషాలకు వచ్చి మిగతావి రాశాడు.

వచ్చిన డబ్బు కూడా రాయాలి. ఇక్కడే దాస్తారు. మొదటి వారంలో నమ్మకం కుదరడానికి వాళ్లు ఐదొందలో వెయ్యో విత్‌డ్రా ఇస్తారు. ఇతనికి రూ. 1,500 వచ్చాయి. "అది రాస్తే కేసు ఖరాబ్ అయితదేమో" అన్నాడు. దాచినా స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. పైగా ఆ డబ్బు ఇంకో బాధితుడి ఖాతా నుంచి వచ్చినదైతే, ఏ రాష్ట్రం పోలీసులో మీ ఖాతానే ఫ్రీజ్ చేయిస్తారు. జీతం పడే ఖాతా అయితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముందే మీరు చెప్పుకున్న కాగితం ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం. డబ్బు పెట్టి ఆడటమే రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు గనుక, పెద్ద మొత్తమైతే స్టేషన్‌కు పోయే ముందు వకీలును అడగండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100.

పట్టిక అయ్యాక ఫిర్యాదు రాయడం పది నిమిషాల పని. ఎవరు లింకు పంపారు, ఏమని నమ్మించారు, ఎంత పంపాను, ఎంత వచ్చింది, నికరంగా ఎంత పోయింది. ఇతనికి రూ. 41,500లో 1,500 తీస్తే రూ. 40,000. ఆ 1,86,400 అంకెను "పెండింగ్ అని చూపించి టాక్స్ అడిగారు" అనే వాక్యంలో మాత్రమే పెట్టాం, రావలసిన డబ్బుగా కాదు.

మధ్యలో "రికవరీ చేసిస్తాం, ఐదు వేలు పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్లూ ఆ ముఠావాళ్లే అనుకుని కట్ చేయండి.

తర్వాత ఓపిక కావాలి. ఏదైనా ఖాతాలో డబ్బు హోల్డ్ అయితే అది తిరిగి రావడానికి కోర్టు ఉత్తర్వు కావలసి రావచ్చు. లోక్ అదాలత్ రోజుల్లో ఇలాంటివి తీసుకుంటున్నారు. స్టేషన్‌లో అడిగి తేదీ తెలుసుకోండి. పోయేటప్పుడు అక్నాలెడ్జ్‌మెంట్, పట్టిక, స్టేట్‌మెంట్, ఆధార్ రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. ఒకటి అక్కడ ఉంచుకుంటారు, రెండోదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.