కొర్రలు ఎట్ల పండించుకోవాలె, ఇంట్లనే పొట్టు ఎట్ల తీస్కోవాలె?

కొర్రలకు నల్లరేగడే ఉండాలని లేదు, మా వరంగల్ జిల్లా వర్ధన్నపేట దిక్కు ఎర్ర చెలకలల్ల మంచిగనే వస్తయి, నీళ్లు నిలవకుంటే చాలు. మిరుగం (మృగశిర కార్తె) పోయి భూమి తడిసినంక జూన్ ఆఖరు నుంచి జులై నడుమ దాకా విత్తుకోవచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే మొక్క నడిమి మొవ్వును ఎండగొట్టే మొవ్వు ఈగ ఎక్కువైతది.

దుక్కిల మాగిన పెంట చల్లి కలియదున్నుండ్రి. విత్తనం ఎకరానికి 2 కిలోలు సరిపోతది, సూర్యనంది రకమైతే 75 రోజులకు అటు ఇటుగ కోతకొస్తది. గింజలకు బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నంతోని చేసే విత్తన మందు) పట్టించి నీడల ఆరబెట్టాలె. గింజ మరీ సన్నం కదా, మూడింతల ఇసుక కలిపి గొర్రుతోని సాలుకు సాలుకు జానెడు ఎడం పెట్టి పోయాలె, అంగుళం కన్నా లోతుకు పోతే మొలక పైకి రాదు. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేస్తే ఇంకా మంచిది, కొర్ర కోసినంక కంది విచ్చుకుంటది.

మొదటి నెల కలుపు మీదనే కన్నుండాలె. కొర్ర మొలక, గడ్డి మొలక ఒక్క తీరుగనే కనపడ్తయి, అందుకే చల్లొద్దు, సాళ్లల్లనే పోయమనేది, సాలు తప్పి మొలిచిందాన్ని పీకేయొచ్చు. భూమి బలానికి పోసే జీవామృతం ఎకరానికి 200 లీటర్ల నీళ్లల్ల 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి వేసి పొద్దుమాపు కలుపుతూ రెండు రోజులు నీడల ఉంచి, భూమి తడి ఉన్నప్పుడే పోయాలె. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి పిట్టల కావలి తప్పదు.

కోసిన కంకులు రెండు మూడు రోజులు ఎండినంక టార్పాలిన్ మీదనే కొట్టుండ్రి. మేం మొదటేడు మట్టి కల్లంల కొట్టినం, ఇసుక రాళ్లు సుత గింజంతే ఉండె, చాటకు దొరకలే, అమ్మ గాలిచ్చి గాలిచ్చి యాష్టకొచ్చింది, అయినా బువ్వల పంటి కింద తలుగుతనే ఉండె.

ఇగ పొట్టు సంగతి, చానామంది ఇక్కడనే ఆగిపోతున్నరు. వడ్ల మిల్లుల ఇంత సన్న గింజ కుదరదు, చిరుధాన్యాల మిల్లు దగ్గర లేకుంటే మిక్సీ ఉంది కదా. గింజ కటుక్కుమనేదాక ఎండబెట్టి చల్లార్చి, జార్ల సగం కన్నా తక్కువ పోసి, ఒక్కో సెకను తిప్పి ఆపి, మళ్ల తిప్పి ఆపి, పొట్టు ఊడుతుంటే చాటల పోసి చెరగాలె. పసుపుపచ్చటి బియ్యం నడుమ మెరిసే పొట్టు గింజలు ఇంకా కనపడ్తయి, వాటిని మళ్ల ఓ చుట్టు వేయుండ్రి. ఒక్కసారే గట్టిగ తిప్పితే అంతా నూకనే.

పండిందంతా ఒకేసారి బియ్యం చేసి పెట్టుకోవద్దు. పొట్టుతోని ఉంటే ఏడాది దాటినా ఏం కాదు, పొట్టు తీసినంక తవుడుల నూనె ఉంటది కాబట్టి కొన్ని వారాలకే ముక్క వాసనొస్తది. పదిహేను రోజులకు సరిపోయేటంతే తీస్కొని, వండే ముందు రెండు మూడు గంటలు నానబెట్టుండ్రి.