కుటుంబ ట్రస్టు డీడ్‌పై సంతకం పెట్టే ముందు

కుటుంబ ట్రస్టు అంటే మీ ఆస్తిని కుటుంబసభ్యుల కోసం చూసుకోమని ఒకరికి (ట్రస్టీకి) అప్పగించడం. ఆ షరతులు రాసే పత్రమే డీడ్. ముందు ఆస్తి ఎవరిదో తేల్చుకోండి. స్వార్జితమైతే మీ ఇష్టం. హిందూ ఉమ్మడి ఆస్తయితే పంపకాలు ముందు జరగాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతుళ్లకూ అందులో సమాన వాటా ఉంది.

ఎవరికెంతో శాతాల్లో రాయించండి. "అవసరాన్ని బట్టి ట్రస్టీ పంచుతాడు" అని వదిలేస్తే ట్రస్టు ఆదాయంపై సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. అన్నదమ్ముల మధ్య అనుమానాలు అదనం.

లబ్ధిదారు, అంటే వాటా అందాల్సిన వ్యక్తి, ముందే చనిపోతే ఆ వాటా అతని పిల్లలకా, మిగతావారికా? చాలామంది మర్చిపోయేది ఇదే. మైనర్లకు ఏ వయసులో చేతికివ్వాలో కూడా రాయండి.

పెద్దకొడుకొక్కణ్నే ట్రస్టీగా పెట్టకండి. బయటి మనిషి ఒకరుంటే నయం.

బతికుండగా ఇల్లు, పొలం ట్రస్టులో పెడితే డీడ్ రిజిస్టర్ చేయించాల్సిందే. స్టాంపు డ్యూటీ ఎంతో ముందే కనుక్కోండి. తర్వాత రద్దు చేసుకునే అధికారం కావాలంటే అదీ డీడ్‌లోనే ఉండాలి.