రేడియేషన్ చికిత్స: సిమ్యులేషన్ నుంచి చివరి సిట్టింగ్ దాకా తెలుసుకోవాల్సినవి

రేడియేషన్‌ను చాలామంది ‘కరెంటు పెట్టడం’ అంటారు. సగం భయం ఆ మాటలోంచే పుడుతుంది. ఒంటికి వైర్లు తగిలించరు, షాక్ కొట్టదు, పడుకున్నంతసేపూ ఏమీ తెలియదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి బాగా శక్తి ఉన్న ఎక్స్‌రేలు వెలువడి, క్యాన్సర్ గడ్డలోని కణాల డీఎన్‌ఏను తెంపుతాయి. కణం అప్పటికప్పుడే చావదు. అది రెండుగా చీలబోయినప్పుడు, తెగిన డీఎన్‌ఏతో ముందుకు సాగలేక చస్తుంది. అందుకే నాలుగు సిట్టింగ్‌లైనా గడ్డ తగ్గలేదని దిగులు పడకండి. చికిత్స ముగిశాక కూడా వారాల తరబడి కణాలు చస్తూనే ఉంటాయి. ఫలితం చూసే స్కాన్‌ను చాలా క్యాన్సర్లలో రెండు మూడు నెలలు ఆగి తీయించేది ఇందుకే.

కిరణాలు దారిలో మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. అయితే మంచి కణం ఆ దెబ్బను కొన్ని గంటల్లో చాలావరకు బాగుచేసుకుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. మొత్తం మోతాదును రోజుకు కొంచెంగా, వారానికి ఐదు రోజుల చొప్పున పంచడంలోని కిటుకు ఈ తేడాయే.

మోతాదును ‘గ్రే’లలో కొలుస్తారు. తల, మెడ క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే లెక్క 35 సిట్టింగ్‌లలో 70 గ్రేలు, అంటే ఏడు వారాలు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత 15 సిట్టింగ్‌లలో 40 గ్రేలు ఇస్తారు, కొందరికి ఐదింటిలోనే 26 గ్రేలు. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒక్క సిట్టింగ్‌లో 8 గ్రేలు సరిపోవచ్చు. పక్క పేషెంటుకు 35 రాసి మీకు 5 రాస్తే మీకు తక్కువ వైద్యం జరిగినట్టు కాదు. రోజువారీ మోతాదు పెరిగినప్పుడు మొత్తం తగ్గిస్తారు. ఒకరి అంకెలతో మరొకరివి పోల్చడం వల్ల ఏమీ తేలదు.

సిమ్యులేషన్‌కు వెళ్లే ముందు

అసలు పని మొదలయ్యేది ఇక్కడే. చికిత్సలో పడుకోబోయే భంగిమలోనే పడుకోబెట్టి సీటీ తీస్తారు. ఆ రోజు శరీరం ఎలా ఉందో ప్లాన్ అలా తయారవుతుంది, కాబట్టి తర్వాత ప్రతి రోజూ అలాగే ఉండాలి. సిబ్బంది చెప్పే జాగ్రత్తలన్నిటి వెనుకా ఉన్న కారణం ఈ ఒక్కటే.

తల, మెడ చికిత్సకు వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ షీటుతో ముఖానికి మాస్క్ పోస్తారు. గోరువెచ్చని తడిబట్ట కప్పినట్టుంటుంది, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. నిండా రంధ్రాలే కాబట్టి ఊపిరికి ఇబ్బంది ఉండదు. జుట్టు, గడ్డం తీయించాలంటే ముందే తీయించుకోండి. మాస్క్ పోశాక తీయిస్తే అది వదులవుతుంది. మూసిన చోట భయం ఉంటే ముందే చెప్పండి.

దవడకు రేడియేషన్ పడబోతుంటే ముందు దంతవైద్యుణ్ని కలవాలి. దీన్ని వాయిదా వేయొద్దు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తసరఫరా తగ్గుతుంది, ఆ తర్వాత పన్ను పీకిస్తే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. పాడైన పళ్లను ముందే తీయించుకుని, గాయం మానడానికి దాదాపు రెండు వారాలు ఇవ్వాలి. చికిత్స అయ్యి ఏళ్లు గడిచినా, పన్ను పీకించే ముందు రేడియేషన్ సంగతి చెప్పి తీరాలి.

పొత్తికడుపు చికిత్సలో మూత్రాశయం నిండుగా, మలాశయం ఖాళీగా ఉండమంటారు. నిండిన మూత్రాశయం పేగుల్ని కిరణాల దారిలోంచి పైకి నెడుతుంది. మలాశయంలో గ్యాస్ చేరితే గర్భాశయమో ప్రోస్టేటో చోటు మారుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. సిమ్యులేషన్ రోజు ఉత్సాహంగా లీటరున్నర తాగి బిగబట్టుకుంటారు, మర్నాటి నుంచి అంత ఆపుకోలేరు. రోజూ ఓర్చుకోగలిగినంతే తాగండి. ఎన్ని నీళ్లు, ఎంత సేపటి ముందు అన్నది రాసుకుని, అదే పాటించండి.

పేస్‌మేకర్ ఉన్నా, గర్భం అనుమానం ఉన్నా, ఇంతకుముందు ఎక్కడైనా రేడియేషన్ తీసుకున్నా, కిడ్నీ జబ్బు ఉన్నా, సీటీలో ఎక్కించే మందు పడకపోయినా ఈ దశలోనే చెప్పాలి.

సిమ్యులేషన్‌కూ మొదటి సిట్టింగ్‌కూ మధ్య కొన్ని రోజులు పడుతుంది. అది కాలయాపన కాదు. డాక్టర్ సీటీలోని ఒక్కో పొర మీద గడ్డనూ, కాపాడాల్సిన అవయవాలనూ గీస్తారు. ఫిజిసిస్ట్ కిరణాల కోణాలు లెక్కకడతారు. వెన్నుపాముకు సుమారు 45 గ్రేలు మించకుండా చూడటం లాంటి హద్దులు ఒక్కో అవయవానికీ ఉంటాయి. ఎడమ రొమ్ము చికిత్సలో గుండెను దూరం జరపడానికి నిండుగా ఊపిరి పీల్చి నిలపమనవచ్చు. దాన్ని ఇంట్లో సాధన చేయండి.

రోజూ గదిలో

టెక్నీషియన్లు లేజర్ గీతలకు, సిమ్యులేషన్ రోజు చర్మం మీద పెట్టిన గుర్తుల్ని కలుపుతూ మిమ్మల్ని జరుపుతారు. మీరు సాయం చేయబోవద్దు, ఒళ్లు బరువుగా వదిలేయండి. మీరు కదిలితే వాళ్లు మళ్లీ మొదలుపెట్టాలి. గుర్తులు చెరిగితే ఇంట్లో దిద్దుకోకండి, వాళ్లకే చూపించండి. తర్వాత స్కాన్ తీసి సరిచూసుకుని బయటికి వెళ్తారు. కెమెరాలో మీరు కనిపిస్తూనే ఉంటారు, మాట వినిపిస్తుంది. దగ్గొచ్చినా, భయమేసినా చెయ్యెత్తితే యంత్రం ఆపుతారు. కిరణాలు వచ్చేది కొన్ని నిమిషాలే, మిగతాదంతా సర్దుబాటు.

ఇంటికెళ్లి పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోండి. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే బ్రాకీథెరపీలో కూడా రేడియేషన్ వెలువరించే మూలకాన్ని వెనక్కి తీసేస్తారు కనుక ఏమీ మిగలదు. ఒంట్లోనే ఉండిపోయేలా అమర్చే రేడియేషన్ గింజలకూ, థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియో అయోడిన్‌కూ మాత్రం వేరే జాగ్రత్తలుంటాయి.

సిట్టింగ్ మానకండి

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇదే. చికిత్స మొదలైన మూడు నాలుగు వారాలకు, చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. తల, మెడ క్యాన్సర్‌లో చికిత్స అనుకున్న గడువు దాటి ఒక్కో రోజు సాగేకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వారానికి బ్రాకీథెరపీతో కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో ముగించాలి. నీరసంగా ఉందని ఇంట్లో ఉండిపోవద్దు. వచ్చి ఆ నీరసం సంగతి చెప్పండి, దానికీ మందుంది. యంత్రం చెడిపోయి రోజు పోతే ఎలా పూడుస్తారో అడగండి. సెలవు రోజున ఇవ్వవచ్చు, లేదా కనీసం ఆరు గంటల ఎడంతో ఒకే రోజు రెండు ఇవ్వవచ్చు.

ఇబ్బందులు

నీరసం తప్ప మిగతావి చాలావరకు కిరణాలు పడిన చోటే వస్తాయి. రొమ్ముకు ఇస్తే తల జుట్టు ఊడదు.

చర్మం రెండు మూడు వారాలకు ఎర్రబడుతుంది. చివరి సిట్టింగ్ అయ్యాక వారం పది రోజులు ఇంకా ఎక్కువవుతుంది. అయిపోయింది కదా, పెరుగుతోందేమిటని కంగారు పడతారు, కానీ అది మామూలే. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు వాడి మెత్తగా అద్దండి, రుద్దొద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ రాయొచ్చు, సిట్టింగ్‌కు ముందు మాత్రం మందంగా పూయకండి. కాపడం, ఐసు, అంటించే ప్లాస్టర్లు, బ్లేడు ఆ చోట వద్దు.

నోరు పూస్తే లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించండి. మంట పుట్టించే మౌత్‌వాష్ పక్కన పెట్టండి. మింగలేక బరువు తగ్గితే మాస్క్ వదులై గురి తప్పుతుంది, మళ్లీ సిమ్యులేషన్ చేయాల్సి రావచ్చు. కాబట్టి వారం వారం బరువు చూసుకోండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇద్దామంటే దాన్ని ఓటమిగా తీసుకోవద్దు. నోరు తెరిచే వ్యాయామం మొదటి రోజు నుంచే చేయాలి. దవడ బిగుసుకున్నాక తెరవడం చాలా కష్టం.

పొగ మానాలి. రేడియేషన్ దెబ్బ నిలవాలంటే గడ్డకు ఆక్సిజన్ అందాలి, పొగ దాన్ని తగ్గిస్తుంది. రక్తహీనత ఉన్నా డాక్టర్లు పట్టించుకునేది ఇందుకే. యాంటీఆక్సిడెంట్ మాత్రలు పెద్ద మోతాదులో సొంతంగా వేసుకోకండి.

కీమోతో పాటు తీసుకుంటూ 38 డిగ్రీల జ్వరం వచ్చినా, నీళ్లు కూడా మింగలేకపోయినా, కాళ్లు పట్టు తప్పినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఛాతీకి రేడియేషన్ అయిన ఆరు నెలల లోపు పొడిదగ్గు, ఆయాసం వస్తే మామూలు దగ్గు అనుకోకండి. అది ఊపిరితిత్తి వాపు కావచ్చు, చూసే డాక్టర్‌కు రేడియేషన్ సంగతి చెప్పండి.

చివరి రోజు ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకోండి. ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగ్‌లు, ఏ తేదీల్లో అన్నవి అందులో ఉండాలి. పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ రేడియేషన్ అవసరమైతే, ఇవ్వొచ్చో లేదో, ఎంత ఇవ్వొచ్చో లెక్కకట్టేది ఆ కాగితం చూసే.